గీత నేర్చుకుందాం – 4: ఆగ్నెస్ మార్టిన్ గళ్లు

పోయిన మూడు పాఠాల్లో స్కేలు ముట్టుకోవద్దన్నాను. చెయ్యి కుదురుకోవాలి కాబట్టి అలా అన్నాను. ఈసారి స్కేలు బయటికి తీయండి. స్కేలు ఆనించి గీసిన గీతలో కూడా గీసిన మనిషి చెయ్యి కనబడుతుంది. దాన్ని గీయడం, గీసినదాన్ని చూడటం, ఈ రెండూ ఇవాళ్టి పని.

ఇందుకు పక్కన పెట్టుకునే బొమ్మ పేరు ‘ది ట్రీ’. అంటే చెట్టు. అమెరికన్ చిత్రకారిణి ఆగ్నెస్ మార్టిన్ 1964లో వేసింది. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న కాన్వాస్ మీద ఆయిల్ రంగు, పెన్సిల్. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో, అదే అందరూ మోమా అనే చోట, ఉంది. పేరుకే చెట్టు. అందులో కొమ్మా లేదు, ఆకూ లేదు. పాలిపోయిన తెలుపు మీద అడ్డంగా పట్టీలు, పట్టీల్లో నిలువుగా పెన్సిల్ గీతలు. అంతే.

ఫోన్‌లో వెతికితే వెంటనే దొరుకుతుంది. చూస్తే బూడిదరంగు చదరం ఒకటి కనబడుతుంది, ‘దీనికేనా ఇంత గొడవ’ అనిపిస్తుంది. అనిపించడం సహజమే, ఎందుకంటే ఫోన్‌లో ఆ బొమ్మ లేదు. లెక్క చూడండి. ఆరడుగులంటే దాదాపు 1829 మిల్లీమీటర్లు. ఫోన్ తెర వెడల్పు 70 మిల్లీమీటర్లు అనుకుందాం. బొమ్మ 26 రెట్లు చిన్నదైపోయింది. అర మిల్లీమీటరు మందం ఉన్న పెన్సిల్ గీత మీ తెర మీద 0.02 మిల్లీమీటరుకు దిగిపోతుంది. ఫోన్‌లో ఒక్కో పిక్సెలే అంతకంటే పెద్దది. అందుకని గీత గీతగా రాదు, పక్కనున్న తెలుపుతో కలిసిపోయి బూడిద మరకగా వస్తుంది. మిగతా బొమ్మలైతే ఫోటోలో సగమైనా మిగులుతాయి. ఈవిడవి అసలు మిగలవు. చిన్నదైనా సరే, మన చేత్తో మనం ఒకటి గీసుకుని చూడక తప్పదు.

కావలసిన సామాన్లు

కార్ట్రిడ్జ్ షీట్లు రెండు. చార్టు పేపర్ వద్దు, మరీ నున్నగా ఉంటుంది. చేతి తయారీ కాగితం దొరికితే ఇంకా మంచిది. 2హెచ్ పెన్సిల్ ఒకటి, అంటే గట్టి మొనతో లేత గీత వచ్చేది. 15 సెంటీమీటర్ల స్టీలు స్కేలు. కాగితం కదలకుండా అంటించడానికి టేపు. పరీక్షలకు తీసుకెళ్లే అట్ట ఉంటే చాలు, డ్రాయింగ్ బోర్డు కొననక్కర్లేదు. రబ్బరు ఈ పాఠానికి అక్కర్లేదు, లోపల పెట్టేయండి.

ఇంట్లో 30 సెంటీమీటర్ల స్కేలు ఉండగా పొట్టిది ఎందుకు అంటారేమో. మార్టిన్ ఆరడుగుల గీతను ఒక్క ఊపులో గీయలేదు. పొట్టి స్కేలు పెట్టి, గీసి, జరిపి, మళ్లీ గీసేది. కాన్వాస్ చెక్క చట్రానికి బిగించిన గుడ్డ. చట్రానికి దగ్గర్లో గట్టిగానే ఉంటుంది కానీ మధ్యలో నొక్కితే లోపలికి దిగుతుంది. పొడుగాటి బద్ద ఆనిస్తే గుడ్డ లొంగిపోయి గీత దారి తప్పుతుంది. పొట్టి స్కేలుతో ఆ బాధ తగ్గుతుంది. దానికి బదులు స్కేలు జరిపిన ప్రతిచోటా ఒక అతుకు పడుతుంది. మన కాగితం అట్ట మీద ఉంది కాబట్టి లొంగదు, కానీ అతుకు మనకు కావాలి. అందుకే పొట్టి స్కేలు.

ముందు లెక్క

మార్టిన్ గురించి రాసేవాళ్లు చాలామంది ధ్యానం, మౌనం, శూన్యం అంటూ మొదలుపెడతారు. నాకది నచ్చదు. ఆవిడ పని కాగితాలు చూస్తే ముందు కనబడేది కూడికలు, భాగహారాలు. బొమ్మ తన మనసులోకి తపాలా బిళ్లంత సైజులో వచ్చేదని ఆమె చెప్పుకుంది. దాన్ని ఆరడుగులకు పెంచాలంటే పట్టీలెన్ని, ఒక్కో పట్టీ ఎంత, అంచున ఎంత వదలాలి అని పేజీల కొద్దీ లెక్కలు వేసేది. నచ్చనివాటిని కోసి పారేసేది. అలా పోయిన కాన్వాసులు తక్కువేం కాదు. వడ్రంగికి కొలత ఎంత ముఖ్యమో ఈ పనికీ అంతే ముఖ్యం. ధ్యానం ఉంటే ఆ తర్వాతే.

మన లెక్క ఇది. షీట్ మధ్యలో 180 మిల్లీమీటర్ల చతురస్రం గీయండి. గీశాక మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. స్కేలు చాలదు కాబట్టి ఒక కాగితపు పట్టీ పెట్టి గుర్తు వేసుకోండి. రెండు కొలతలూ ఒకటే రావాలి. రాకపోతే మీది చతురస్రం కాదు, ఒక పక్కకు ఒరిగిన డబ్బా. వేరే షీట్ తీసుకోండి.

నాలుగు వైపులా 6 మిల్లీమీటర్లు వదిలేస్తే లోపల 168 మిగులుతుంది. అడ్డంగా 12 మిల్లీమీటర్ల చొప్పున 14 గళ్లు, పై నుంచి కిందికి 8 మిల్లీమీటర్ల చొప్పున 21 వరసలు. 14 పన్నెండ్లు 168, 21 ఎనిమిదులూ 168. మొత్తం 294 గళ్లు. అన్నీ పడుకున్న దీర్ఘచతురస్రాలే. వాటికి కావలసింది 22 అడ్డగీతలు, 15 నిలువుగీతలు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. 8 మిల్లీమీటర్లు కొలిచి గుర్తు పెట్టి, స్కేలు అక్కడికి జరిపి మళ్లీ 8 కొలవడం చేయకండి. ప్రతిసారీ 0.2 మిల్లీమీటరు తప్పినా 21 సార్లకు 4 మిల్లీమీటర్లు దాటిపోతుంది. అంటే ఆఖరి గడి సగానికి సగం మాయం. స్కేలు ఒకేచోట ఉంచి 8, 16, 24, 32 అనుకుంటూ వరసగా 144 దాకా గుర్తులు పెట్టండి. అప్పుడు ఒక్కసారి జరిపి, 144 దగ్గర సున్నా పెట్టి మిగతా 24 మిల్లీమీటర్లు పూర్తిచేయండి. పన్నెండ్లకు కూడా 144 దగ్గరే జరపాలి. ఆ సంఖ్య రెంటికీ కుదిరేలా చూసే ఈ కొలతలు ఎంచుకున్నాను. గుర్తులు చుక్కంత చిన్నవిగా ఉండాలి. గుర్తే గీతంత లావుంటే గీత ఎక్కడ గీయాలో మళ్లీ సందేహమే.

గీత

పెన్సిల్ చెక్కి, మొనను పాత కాగితం మీద రెండుసార్లు రుద్ది కొంచెం అరగదీయండి. కొత్తగా చెక్కిన మొనతో మొదటి గీత సన్నగా వచ్చి రెండోది లావెక్కుతుంది. స్కేలుకు పెన్సిల్ ఎంత వాలి ఉందో గీత మొదట్లోనూ చివర్లోనూ అంతే వాలి ఉండాలి. గీస్తూ ఉండగానే పెన్సిల్‌ను వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పండి, మొన ఒకే పక్క అరిగిపోకుండా ఉంటుంది. మణికట్టు కదలకూడదు, భుజం కదలాలి. రెండో పాఠంలో సమాంతర గీతలకు చేసింది ఇదే.

మొదట అడ్డగీతలు. ఎడమ నుంచి కుడికి లాగండి. 15 సెంటీమీటర్ల దగ్గర స్కేలు అయిపోతుంది, ఇంకా 18 మిల్లీమీటర్లు మిగిలి ఉంటుంది. పెన్సిల్ ఎత్తి, స్కేలు జరిపి, ఆగిన చోటికి మొన దించి మళ్లీ లాగండి. ఆ దించిన చోట చిన్న ముడి పడుతుంది. లేదా వెంట్రుకవాసి ఖాళీ మిగులుతుంది. ఒక్కోసారి రెండు ముక్కలూ ఒకే ఎత్తున కలవవు. దిద్దకండి. 22 గీతలకూ అతుకు ఒకే నిలువులో వస్తే అక్కడ తెలియకుండానే ఒక కొత్త నిలువుగీత పుట్టుకొస్తుంది. అది వద్దనుకుంటే ఒక గీత ఎడమ నుంచి, తర్వాతిది కుడి నుంచి మొదలుపెట్టండి. అతుకులు రెండు వైపులకూ చెదిరిపోతాయి.

అడ్డగీతలయ్యాక కాగితాన్ని అట్టతో సహా పావు వంతు తిప్పండి. నిలువుగీతలు కూడా ఇప్పుడు అడ్డగీతల్లాగే గీయొచ్చు. పైనుంచి కిందికి లాగితే చెయ్యి నీడ గీత మీద పడుతుంది, ఇలా తిప్పితే ఆ బాధ ఉండదు.

సగంలో ఆపి ముక్కు కాగితానికి ఆనేంత దగ్గరగా చూడండి. స్కేలు గీత తిన్నగానే ఉంది, కానీ నిండుగా లేదు. కాగితం పీచు ఎత్తుగా ఉన్నచోట పెన్సిల్ పొడి అంటుకుంది, పల్లంలో తెల్లగా మిగిలిపోయింది. గీత నిజానికి వరసగా పేర్చిన నల్లటి రవ్వలు. కాన్వాస్ మీదైతే ఇది ఇంకా బాగా కనబడుతుంది. నేత దారం పైకి లేచినచోట పెన్సిల్ పొడి అంటుకుంటుంది, రెండు దారాల సందులో అంటుకోదు. అంటే బొమ్మలో ఆమె గీసిన గళ్ల కింద ఎవరో నేసిన గళ్లు కూడా ఉన్నాయి. గీత ఈ రెంటి బేరం.

గళ్లు చూడగానే ‘ఇది లుంగీ కదా’ అనేవాళ్లు ఉంటారు. ఆ మాట మరీ తీసిపారేసేదేం కాదు. మార్టిన్‌కు న్యూయార్క్‌లో బాగా దగ్గరైన స్నేహితుల్లో లెనోర్ టానీ ఒకరు. ఆమె నేతకళాకారిణి. 1961లో టానీ ప్రదర్శనకు మార్టిన్ స్వయంగా ముందుమాట రాసింది. పడుగూ పేకా అంటే ఏమిటో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే మగ్గం మీద పేక దారం పడుగు కిందికీ పైకీ దూరి దాన్ని పట్టుకుంటుంది. పెన్సిల్ గీతలు ఒకదాన్నొకటి పట్టుకోవు, ఒకదాని మీద నుంచి ఒకటి పోతాయంతే. కూడళ్ల దగ్గర కాస్త నలుపు ఎక్కుతుంది. మీ షీట్‌లోనూ ఎక్కి ఉంటుంది, చూడండి.

కాస్త చెయ్యి ఆరనివ్వండి

మిగతా నిలువుగీతలకు ముందు చేతికి విశ్రాంతి కావాలి. ఈలోగా ఆమె గురించి నాలుగు మాటలు.

ఆగ్నెస్ మార్టిన్ 1912లో కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో, మాక్లిన్ అనే ఊళ్లో పుట్టింది. చుట్టూ చదునైన గోధుమ పొలాల నేల. రంగును కాన్వాస్ మీద చిందించి గీసిన జాక్సన్ పొలాక్‌దీ అదే పుట్టిన సంవత్సరం. దీనికో అర్థం ఉంది. మార్టిన్‌ను మినిమలిస్టుల వరసలో, అంటే కళను అతి కొద్ది ఆకారాలకు కుదించినవాళ్ల వరసలో, కూర్చోబెడతారు. 1966లో న్యూయార్క్‌లో మినిమలిస్టుల బొమ్మలు పెట్టిన ప్రదర్శనల్లో ఆమెవీ ఉన్నాయి. ఆమె మాత్రం ఒప్పుకోలేదు, తాను అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిస్టునేనని, అంటే పొలాక్ తరం మనిషినేనని చెప్పుకుంది. వయసు ప్రకారం చూసినా డొనాల్డ్ జడ్ లాంటి మినిమలిస్టులు ఆమెకంటే చాలా చిన్నవాళ్లు. నా మట్టుకు నాకు ఆమె మాటే నిజమనిపిస్తుంది. జడ్ తన పెట్టెలను ఫ్యాక్టరీ పనివాళ్లతో చేయించాడు. తన చేతి గుర్తు అందులో ఉండకూడదు, అదే ఆయన పట్టుదల. ఈవిడ గీతలో చెయ్యి తీసేస్తే మిగిలేదేం లేదు.

1957లో గ్యాలరీ యజమానురాలు బెట్టీ పార్సన్స్ మాట మీద న్యూ మెక్సికో వదిలి న్యూయార్క్ వచ్చింది. కొయెంటీస్ స్లిప్ అనే రేవు వీధిలో, పడవ తెరచాపలు కుట్టే పాత గదుల్లో మకాం. చిత్రకారులు ఎల్స్‌వర్త్ కెల్లీ, రాబర్ట్ ఇండియానా పక్కింటివాళ్లు. గళ్లు మొదలయ్యేనాటికి ఆమెకు యాభై దగ్గర పడింది. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉండేది, ఆసుపత్రి పాలైంది కూడా. ఈ జబ్బును ఆ గీతలతో ముడిపెట్టి కథలల్లేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల జోలికి పోవద్దు.

1967లో, పేరు బాగా వచ్చాక, గీయడం ఆపేసింది. సామాన్లు పంచిపెట్టి, పికప్ ట్రక్కుకు క్యాంపర్ తగిలించుకుని ఊళ్లు పట్టుకు తిరిగింది. తర్వాత న్యూ మెక్సికోలో ఒక మెరక మీద మట్టి ఇటుకలతో సొంత చేతులతో ఇల్లు కట్టుకుంది. అన్నేళ్ల తర్వాత తిరిగి మొదలుపెట్టినప్పుడు పలచటి గులాబీ, నీలం, పసుపు పట్టీలు వచ్చాయి, గళ్లు తగ్గాయి. 1993లో టావోస్‌లో వృద్ధుల వసతిగృహానికి మారాక కాన్వాస్‌ను ఆరడుగుల నుంచి అయిదడుగులకు తగ్గించింది. ఆరడుగులది ఆ వయసులో ఎత్తి తిప్పడం కష్టం మరి. అయిదడుగులవి వేస్తూనే 2004లో, 92 ఏళ్ల వయసులో పోయింది.

సరే, ఇక నిలువుగీతలు పూర్తిచేయండి.

మూడు దూరాలు

గీయడం అయింది, చూడటం మిగిలింది. అసలు పాఠం ఇదేనంటాను. కాషా లిన్‌విల్ అనే విమర్శకురాలు 1971లో మార్టిన్ బొమ్మలను మూడు దూరాల నుంచి చూసి, మూడుచోట్లా ఏం మారుతోందో రాసింది. ఆ పద్ధతినే మన షీట్ మీద చేద్దాం.

షీట్‌ను కళ్ల ఎత్తున గోడకు అంటించండి. ట్యూబ్‌లైట్ వద్దు. పగటిపూట, పక్కనున్న కిటికీ నుంచి వెలుతురు పడే గోడ చూసుకోండి. మొదట జానెడు దూరంలో నిలబడండి. కనబడేది గీతలు, అతుకులు, రవ్వలు, కూడళ్లు. బొమ్మంతా ఒకేసారి కనబడదు. ఏ గీత ఏ పూట గీశారో, పెన్సిల్ ఎప్పుడు చెక్కారో కూడా ఇక్కడి నుంచి చెప్పేయొచ్చు.

ఇప్పుడు కళ్లు షీట్ మీదే ఉంచి వెనక్కి నడవండి, ఒక్కో అడుగే. ఒకచోట గీతలు విడివిడిగా కనబడటం మానేస్తాయి. అక్కడ ఆగండి. ఆ చోటు మీ గీత ఎంత ముదురో, గదిలో వెలుతురెంతో దాన్ని బట్టి ఉంటుంది, అందుకే కొలత చెప్పలేదు. ఇక్కడ షీట్ మీద పలచటి పొగమంచు పరిచినట్టుంటుంది. అది కాగితం మీద ఉందా, కాగితానికి కాస్త ముందు గాల్లో ఉందా తేలదు. గీతలన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే ఈ మంచు రాదు, ఒట్టి బూడిదరంగు వస్తుంది. ఒక గీత లేతగా, ఒకటి ముదురుగా, ఒకటి మధ్యలో తెగి ఉంటేనే ఆ పొర కదిలినట్టుంటుంది. దిద్దవద్దన్నది అందుకే.

ఇంకా వెనక్కి పోండి, గది అవతలి గోడ దాకా. మంచు పోతుంది. షీట్ గట్టిపడి, మూసిన తలుపులా ఒక బూడిద పలక మిగులుతుంది. మీ ఫోన్ చూపించేది ఈ మూడో దూరాన్నే. మొదటి రెండూ అది చూపించలేదు.

ఇక్కడ ఒక చిన్న చిక్కు. మన షీట్ 18 సెంటీమీటర్లే కాబట్టి రెండో దూరంలో అది గోడ మీద ఒక ముక్కలా ఉంటుంది. ఆరడుగుల కాన్వాస్ మనిషి నిలువంత, చాచిన చేతులంత. రెండో దూరంలో నిలబడినా కంటిచూపులో చాలావరకు అదే నిండి ఉంటుంది. అది చిన్న షీట్‌తో రాదు. న్యూజెర్సీ, న్యూయార్క్ వైపున్న మన తెలుగువాళ్లకు ఆ అవకాశం ఉంది. హడ్సన్ నది ఒడ్డున బీకన్‌లోని డియా మ్యూజియంలో మార్టిన్ గదులున్నాయి. మోమా సంగతి వేరు, అక్కడ ‘ది ట్రీ’ గోడ మీద ఉందో గోడౌన్‌లో ఉందో ముందే చూసుకుని బయల్దేరండి. ఎక్కడికి వెళ్లినా ముందు దూరంగా నిలబడి మొదలుపెట్టకండి. దగ్గర నుంచే మొదలుపెట్టండి, గీతకు ఎంత దగ్గరగా పోనిస్తారో అంత దగ్గర నుంచి.

రెండో షీట్

అదే చతురస్రం, అదే అంచు. ఈసారి గళ్లు 12కు 12. అంటే 14 వరసలు, 14 నిలువులు, 196 గళ్లు. అన్నీ అచ్చమైన చతురస్రాలు. గీసి మొదటి షీట్ పక్కనే అంటించండి.

రెండో షీట్ బిగుసుకుపోయి ఉంటుంది. కన్ను దానంతటదే మూల నుంచి మూలకు ఏటవాలుగా జారుతుంది. చిన్న చతురస్రాలు పెద్ద చతురస్రానికే వంత పాడుతున్నాయి కాబట్టి బయటి హద్దు మరింత గట్టిగా కనబడుతుంది. మొదటి షీట్‌లో ఆ జారుడు లేదు. పడుకున్న గళ్లు చూపును పక్కలకు లాగుతుంటే బయటి చతురస్రం దాన్ని లోపలికి లాగుతుంది. ఆ రెండు లాగుడుల మధ్య హద్దు సడలుతుంది. మార్టిన్ ఇది ఎరిగే చేసింది. తన కాన్వాస్ చతురస్రమే అయినా గళ్లు ఎప్పుడూ అచ్చమైన చతురస్రాలు కావని, వాటితో చతురస్రం బరువు తేలికవుతుందని, దాని పెత్తనం పోతుందని చెప్పింది. గణితం తెలిసినవాళ్లు 12కు 8 బదులు 12కు 11 పెట్టి చూడండి. ఆ కాస్త తేడాను కన్ను పట్టుకుంటుందా లేదా అన్నది మీ షీటే చెబుతుంది.

ఇంకో మాట. 1973లో ఆమె ‘ఆన్ ఎ క్లియర్ డే’ పేరుతో 30 స్క్రీన్‌ప్రింట్లు, అంటే తెర గుండా రంగు దించి అచ్చేసే బొమ్మలు, చేయించింది. ముప్ఫైలోనూ గళ్లు, గీతలే, ఏ రెండూ ఒకటి కావు. కొన్నింటికి చుట్టూ హద్దు ఉంటుంది, కొన్ని ఒట్టి అడ్డగీతలు. ఎన్నిరకాల అమరికలు సాధ్యమో తెలుసుకోవడానికి ఆ ముప్ఫైని ఇంటర్నెట్‌లో చూడండి, ఫోన్‌లోనూ ఫర్వాలేదు. అవి అచ్చు గీతలు కాబట్టి చెయ్యి వణుకు ఉండదు. గీత ఎలా ఉండాలో వాటిని చూసి నేర్చుకోకండి, అమరిక మాత్రమే తీసుకోండి.

వచ్చే పాఠం లోపు

ఆ ముప్ఫైలో మూడు అమరికలు ఎంచుకుని 180 మిల్లీమీటర్ల చతురస్రంలోకి మీ లెక్కతో దించండి. లెక్క కాగితం పారేయకండి, షీట్ వెనక అంటించండి. ఒకదాన్ని 2హెచ్‌తో, ఒకదాన్ని హెచ్‌బీతో, ఇంకొకదాన్ని రెండూ కలిపి గీసి, మంచు ఎక్కడ మొదలవుతుందో ఒక్కోదానికి గోడ నుంచి అడుగుల్లో కొలిచి షీట్ మూలన రాయండి.

వచ్చేసారి బరోడా. నస్రీన్ మొహమ్మదీ, 1972 నుంచి అక్కడి ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, ఇంజనీర్ల పరికరాలతో గీతలు గీసిన మనిషి. ఆమె గీతలు ఏటవాలుగా కూడా పోతాయి, పెన్సిల్‌తో పాటు సిరా కూడా కావాలి. రూలింగ్ పెన్ను ఒకటి, నల్ల ఇండియన్ ఇంకు ఒక సీసా, 45 డిగ్రీల సెట్ స్క్వేర్ సిద్ధం చేసుకోండి. రూలింగ్ పెన్ను కొత్త దుకాణాల్లో దొరక్కపోతే పాత డ్రాఫ్ట్స్‌మన్ల ఇన్‌స్ట్రుమెంట్ బాక్సుల్లో ఉంటుంది, ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. మొన రెండు రేకులూ ఒకదాన్నొకటి తాకకుండా ఉందో లేదో చూసి తీసుకోండి. తాకి ఉంటే సిరా దిగదు.